సైడు అద్దం విరిగిన ఇల్లే ఇల్లు

కారుకు ఒక్క ప్లాస్టిక్ ముక్కన్న విరగని ఇంటితోని వియ్యమందకుండ్రి! నా మాట ఇనుండ్రి. గసుంటి ఇంట్ల మనుషులు ఒకరి ముఖం ఒకరు చూసుకోరు.

నేను ఎక్కువ మాట్లాడేటోన్ని గాదు. మా బుచ్చమ్మను అడిగినా చెప్తది. "పెండ్లినాడు గడప కాడ నా పేరు చెప్పుమంటె గూడ తలకాయ ఊపిండు" అంటది. గసుంటోన్ని పెన్ను పట్టిన్నంటె సంగతి ఎంత పెద్దదో మీరే సమజ్ చేసుకోండ్రి.

సంగతి ప్లాస్టిక్.

లోకమంత ప్లాస్టిక్‌ను తిడుతున్నది. "గిప్పటి కార్లేం కార్లు? వేలు పెడితే పగులుతయి. ఎనుకటి కార్లు ఎసుంటియి? ఇనుము!" అని చాయ్ హోటల్ల కూసున్న ప్రతోడు అంటడు. మంచిది. ఇనుముతోని మీకేం ఒరిగింది? ఇనుప కారు గోడకు గుద్దితే గోడ పడేది. గోడోడు లొల్లికొచ్చేటోడు. సొట్ట తియ్యాలంటె సుత్తె కావాలె, మంట కావాలె, పని తెలిసినోడు కావాలె. మీ అసుంటోనికి, నా అసుంటోనికి అండ్ల చెయ్యి పెట్టే భాగ్యం ఉండెనా?

ప్లాస్టిక్ గట్ల గాదు. దానికి గమ్ము చాలు. గమ్ము ప్రతి ఇంట్ల ఉంటది. పని తెల్వాల్సిన అవసరమే లేదు! ఉన్నోడు లేనోడు అన్న తేడా లేదు. హిందూ ముస్లిం తేడా లేదు. బంపర్ పగిలిందంటె పాతబస్తీల పుట్టిన ప్రతి మొగోడు డాక్టరే.

షోరూముకు పోతె ఏమైతది? ఏసీల కూసోబెడ్తరు. చల్లటి నీళ్లిస్తరు. "సార్, క్లిప్పు ఒక్కటే దొరకదు, మొత్తం బంపర్ మార్చాలె" అంటరు. గోరు విరిగితె చెయ్యి మార్చుమన్నట్టు! మీరు సరే అంటరు. పొద్దుగూకెవరకు కారు కొత్త పెండ్లికొడుకు లెక్క నిలబడ్తది. ఇగ దాని గురించి మాట్లాడేటందుకు ఏముంటది? మీ ఇంటికి ఎవడొస్తడు?

ఇంట్ల బాగుచేసుకునేటోని కథే ఏరు. కార్వాన్‌ల ఇద్దరు అన్నదమ్ములున్నరు. నడిమి గోడ కాడ లొల్లి పడి మాటలు బంజేసిన్రు. ఒకరి పెండ్లికి ఒకరు పోలే, ఒకరి చావు కబురుకు గూడ పోవద్దనుకున్నరు. గంతల పెద్దోని కారు బంపర్ రెండు ముక్కలైంది. గమ్ము పెట్టినంక రెండు దిక్కులా గట్టిగ ఒత్తి పట్టుకోవాలె గద! ఒక దిక్కు తను పట్టుకున్నడు. ఇంకో దిక్కు ఎవరు? తమ్ముడే దొరికిండు. ఇద్దరు బంపర్‌కు అటు ఒకడు, ఇటు ఒకడు. చేతులు విడిస్తే అతుకు పోతది. ముఖాలు ఎదురెదురుగ ఉన్నయి. ఎంతసేపని గోడ దిక్కు చూస్తరు? తమ్ముడు తుమ్మిండు. అన్న "చిరంజీవ" అన్నడు. ఇగ అయిపోయింది! ఇప్పుడు ఇద్దరు ఒక్క కంచంల తింటున్నరు. బంపర్ మాత్రం అతకలే. అతకనియ్యరు గూడ. అతికితే మల్ల ఏం ముఖం పెట్టుకొని పిలుసుకోవాలె?

ఇంకొకాయన బంపర్‌ను బూటు లేసుతోని కట్టి ఆఫీసుకు పోయిండట. దినమంత ఒక కాలు ఈడ్సుకుంట నడిచిండట. పెద్ద సారు చూసి, పాపం కాలు బాగలేదని కూసొని చేసే పని ఇచ్చిండట. మీ కొత్త కారు మీకు ప్రమోషన్ ఇచ్చిందా ఎన్నడన్న?

ఊరి సంగతులెందుకు, మా ఇంటి సంగతే చెప్త.

మాది గౌలిపుర. ఎనుకట బర్రెలు కట్టేసిన కొట్టంలనే ఇప్పుడు కారు పెడ్తము. మా కొడుకు జగదీశ్వర్ పాల సెంటర్ నడుపుతడు. అందరు జగ్గు అంటరు. వాడే సెకండ్ హ్యాండ్ కారొకటి కొన్నడు. కొన్ననాడు దానికి అన్ని ముక్కలు ఉండె. ఆ దినాలల్ల మా ఇంటికి మిఠాయికి తప్ప ఎవ్వరు రాలే. జగ్గు నాతోని "బాపు, అన్నం తిన్నవా?" అనేటోడు. నేను "ఊ" అనేటోన్ని. ముచ్చట ఖతం.

మొదలు బంపర్ పోయింది. మా బావమరిది పెంటయ్యకు గల్లీ చివర్ల బర్రెలున్నయి. ఒకనాడు జగ్గు కారు ఎనుకకు తీసుకుంట తీసుకుంట పోయి పెంటయ్య బర్రెకు తగిలిచ్చిండు. బర్రె నెమరేసుడు గూడ ఆపలే. బంపర్ మాత్రం ఈ చెవు కాడి నుంచి ఆ చెవు దాక నోరు తెరిచింది.

ఆ తర్వాత డాష్‌బోర్డు డబ్బ మూత పోయింది. పెంటయ్య ముందటి సీట్ల కూసొని మోకాళ్లు ఆన్చిండు. పెంటయ్య మోకాళ్లకు భయపడి బర్రెలే పక్కకు జరుగుతయి. పాపం మూత యాడికి జరుగుతది?

ఆఖరుకు ఎడమ దిక్కు సైడు అద్దం. మా ఎదురింట్ల షఫీఉద్దీన్ ఉంటడు. లక్క గాజులు చేస్తడు. ఆయన మెట్లకు ఇనుప కమ్మీలున్నయి. జగ్గు చెవుకు ఫోన్ పెట్టుకొని, పాల ట్యాంకరోనితోని లొల్లి చేసుకుంట, కారు ముందుకు దూకిచ్చిండు. కారొచ్చింది. అద్దం రాలే. కమ్మీకి ఏలాడుకుంట ఉన్నది, డొప్పతోని సహా.

ఇగ ఈ మూడు ముక్కలు ఎవరు విరగ్గొట్టిన్రు అని మా గల్లీల అడుగుండ్రి. పెద్దల నుంచి పిల్లల దాక ఒక్కటే పేరు చెప్తరు. గీతాంజలి!

గీతాంజలి నా మనుమరాలు, జగ్గు బిడ్డ. బర్రెకు తగిలిననాడు అది కాలేజీల ఉన్నది. మూత విరిగిననాడు వంటింట్ల ఉన్నది. అద్దం పోయిననాడు మిద్దె మీద బట్టలు ఆరేస్తున్నది. అయితే ఏమాయె? జగ్గు లెక్క జగ్గుకున్నది. "అది స్టీరింగ్ పట్టినప్పటి సంది బండికి కీడు పట్టింది బాపు" అంటడు. ఆహా, ఏం లెక్క! కూసున్న కాడి నుంచి కదలకుండ మూడు దిక్కుల మూడు ముక్కలు విరగ్గొట్టే శక్తి ఏ పిల్లకుంటది? మా ఇంటి పిల్లకే ఉన్నది. గర్వం గాదా?

స్టీరింగ్ పట్టుడు గూడ ఎంతనుకున్నరు? కొట్టం నుంచి గేటు దాక. గేటు నుంచి కొట్టం దాక. ముందట జగ్గు రెండు చేతులు పైకెత్తి, దేవుని ఊరేగింపు ముందట నడిచినట్టు, ఎనుక ఎనుకకు నడుస్తడు. "ధీరే... ధీరే... బ్రేక్! బ్రేక్!" అని అరుస్తడు. కారు అప్పటికి స్టార్టే కాదు.

ఇప్పుడు అసలు ముచ్చట. గీత పశువుల డిప్లొమా చదివింది. చాంద్రాయణగుట్ట దిక్కు పశువుల డాక్టరమ్మ ఒకామె ఉన్నది. ఊరవతల కొట్టాల కాడికి వ్యాన్ల మందులు పెట్టుకొని పోతది. ఆమెకు అసిస్టెంట్ కావాలె. "వ్యాన్ నడపొస్తె పని నీదే బిడ్డా. లైసెన్సు తే. ఈ నెల దాటితే ఇంకొకరిని పెట్టుకుంట" అన్నది. గీత ఆ పని మీద ప్రాణం పెట్టుకున్నది. ఎల్ఎల్ఆర్ గడువు గూడ దగ్గర పడ్డది. గురువారం టెస్టు. అది తప్పిందంటె లైసెన్సు పాయె, వ్యాన్ పాయె, పని పాయె.

"డాడీ, జర గల్లీల తిప్పుతా. రివర్సు ప్రాక్టీస్ కావాలె" అన్నది.

"అద్దం లేని కారు రివర్సు ఎట్ల కొడ్తవే? టెస్టుల గూడ రానియ్యరు. ముందుగాల అద్దం, ఎనుక నువ్వు" అన్నడు జగ్గు.

ఎంత న్యాయమైన మాట! పిల్ల బతుకు ఎటన్న పోనీ, అద్దం ముందుగాల కావాలె గద.

ఇగ మా కొట్టం చూడాలె మీరు! కుర్చీలొచ్చినయి. మంచమొచ్చింది. పెంటయ్య వచ్చిండు. షఫీ భాయ్ వచ్చిండు. చాయ్ మీద చాయ్ వచ్చింది. చాయ్ ఎవరు పెట్టిన్రంటరా? అదేం ప్రశ్న? బుచ్చమ్మ పెట్టింది, గీత తెచ్చింది. అద్దం అతికేటోళ్లు చాయ్ పెట్టుకుంటరా ఎక్కడన్న?

మొదటి వైద్యం జగ్గుది. ఫోన్ల వీడియో చూసిండు. అండ్ల మనిషి ముఖం కనవడదు, చేతులే కనవడ్తయి. విరిగిన కాడ తినే సోడ పోసి, మీద క్విక్ గమ్ము చుక్కలు వెయ్యాలట. "రాయి లెక్క అయితది బాపు!" అన్నడు. బుచ్చమ్మ మిర్చి బజ్జీలకని దాసుకున్న సోడ డబ్బ ఖాళీ అయింది. మాట తప్పలే. రాయి లెక్కనే అయింది. అద్దం గాదు, జగ్గు బొటనవేలు, చూపుడువేలు. రెండు అతుక్కొని సున్న చుట్టినట్టయినయి. గట్లనే పోయి పాల సెంటర్ల కూసున్నడు. గిరాకీలు చూసి, "జగ్గన్న ధ్యానంల కూసున్నడు, లేపకుండ్రి" అని ఎవరి పాలు వాళ్లే పోసుకొని పోయిన్రు.

రెండో వైద్యం పెంటయ్యది. అద్దం డొప్పను అటిటు తిప్పి చూసిండు. వాసన చూసిండు.

"బావా, ఇది కొమ్ము విరిగిన కేసు" అన్నడు.

నేను "ఊ" అన్న.

"ఎండిన కొమ్ముకు ముందుగాల ఆముదం తాగిపియ్యాలె. ఆముదం తాగితె పగులు మెత్తవడ్తది. మెత్తవడ్డంక ముక్క ముక్కను పిలుస్తది. సదర్ పండుగకు నా దున్న కొమ్ములు ఎట్ల మెరుస్తయి? ఊకెనే మెరుస్తయా?"

సదర్ నాడు దున్నల ఊరేగింపుల పెంటయ్య దున్నను చూసినోడు ఆయన మాట కాదనలేడు. కారుకు, డొప్పకు, విరిగిన రెండు దిక్కులకు సీసెడు ఆముదం పట్టిచ్చిండు. మీద పసుపు అద్దిండు. పాత ధోతి చింపి కట్టు కట్టిండు. కట్టు కడుతున్నంతసేపు బానెట్ మీద చెయ్యేసి, "హో... హో... అయిపోయింది... అయిపోయింది" అని సముదాయించిండు. నిజం చెప్పాల్నంటె, కారు కదలలే.

తెల్లారి కట్టు విప్పితె అద్దం పెంటయ్య చేతులకొచ్చింది. "ఇంకొక పూట ఆముదం పడాలె" అన్నడు.

"ఆముదం మీద నా గమ్ము పెడ్త మామా, రెండు కలిస్తె డబుల్ తాకత్" అన్నడు జగ్గు. పెట్టిండు. అద్దం జారింది. మల్ల ఆముదం. మల్ల గమ్ము. మల్ల జారింది.

అప్పుడు బుచ్చమ్మ చాయ్ కప్పులు ఏరుకుంట అడిగింది. "తమ్మీ, పెనం మీద నూనె ఎందుకేస్తరు రా?"

"దోశ అంటుకోవద్దని అక్కా."

"మరి అద్దానికి ఎందుకేస్తున్నవ్ రా?"

పెంటయ్య గడ్డం గోక్కుంట సోచాయించిండు. జగ్గు సోచాయించిండు. ఆఖరుకు పెంటయ్య, "అక్కా, దోశకు కొమ్ములుంటయా?" అన్నడు. గొప్ప జవాబు! మా మొగోళ్లందరం తలకాయలు ఊపినం. బుచ్చమ్మ కప్పులు తీసుకొని లోపలికి పోయింది. ఆమెకు శాస్త్రం ఏం తెలుసు?

మూడో వైద్యం షఫీ భాయ్‌ది. అప్పటి దాక మెట్ల మీద కూసొని నవ్వుకుంట చూస్తున్నడు. లేచిండు.

"హటో మియా, హటో. గమ్ము గిమ్ము బచ్చోంకా ఖేల్ హై. లాఖ్ లగాతుఁ మైఁ. పరేషాన్ నక్కో హో బీరయ్య భాయ్."

బీరయ్యంటె నేనే; గమ్ము పిల్లలాట, రంది వద్దు, లక్క పెడ్తనంటున్నడు. బొగ్గుల కుంపటి తెచ్చిండు. లక్క కడ్డీ కాల్చిండు. గాజు చేసినట్టే డొప్ప చుట్టు లక్క తిప్పి, కారుకు ఒత్తిండు. ఆముదం చుర్రుమన్నది, పొగ లేచింది, గల్లీ అంత గుడిల ఆరతి ఇచ్చినట్టయింది. పొగ పోయినంక చూస్తె అద్దం నిలబడ్డది! అందరం చప్పట్లు కొట్టినం.

గంతటితోని ఆపిండా? ఆపలే. ఆయన చేతులు ఆగయి. లక్క వేడి మీద ఉన్నది గదా అని డొప్ప చుట్టు ఎర్ర రాళ్లు, పచ్చ రాళ్లు, తళతళలాడే అద్దం బిళ్లలు వరుసగ అద్దుకుంట పోయిండు. "ఖాలీ అచ్ఛా నై లగ్తా భాయ్" అన్నడు, బోసిగ ఉంటె బాగుండదట. ఎడమ దిక్కు నుంచి చూస్తె మా కారు నిఖా రోజు దుల్హన్ లెక్క అయింది. కుడి దిక్కు నుంచి చూస్తె పాలోని కారే.

ఒక్కటే చిన్న లోపం. లక్క గట్టిపడ్డంక చూస్తె అద్దం మొగులు దిక్కు చూస్తున్నది. డ్రైవర్ సీట్ల కూసుంటె ఎనుక వచ్చే బండ్లు కనవడవు, ఎగిరే పతంగులు కనవడ్తయి. "తప్పేముంది? రోడ్డు మీద బండి ఏడికి పోతది, ఉంటది. పతంగి తెగిందంటె దొరకదు" అన్నడు పెంటయ్య.

గీత వచ్చింది. "అద్దం పెట్టిన్రు గద డాడీ. ఇప్పుడు తిప్పుతా."

"పిచ్చా నీకు? ఇప్పుడే పెట్టినం. ఆరనీ!"

పొద్దున అడిగింది. "ఇంకా ఆరలే." పొద్దుమీకి అడిగింది. "ఇంకా ఆరలే." ఆదివారం గూడ ఆరలే. గీత ఇగ అడుగుడు బంజేసింది. పొద్దున్నే లేచి, షఫీ భాయ్ చెల్లె ఖుద్సియాతోని పోవుడు మొదలుపెట్టింది. ఖుద్సియా ఆడపిల్లలకు డ్రైవింగ్ నేర్పిస్తది, సొంత కారున్నది. ఈ సంగతి మా మొగోళ్లెవరికి తెల్వలే. ఎట్ల తెలుస్తది? అందరి కండ్లు అద్దం మీదనే ఉండె.

గురువారం వచ్చింది.

బుచ్చమ్మ గీత నోట్ల పెరుగు, చక్కెర పెట్టింది. పక్కన జగ్గు గూడ నోరు తెరిచిండు. వానికి గూడ పెట్టింది. జగ్గు స్టీరింగ్ ముందట, నేను పక్కకు. ఎనుక పెంటయ్య ఆముదం సీసతోని, షఫీ భాయ్ కుంపటితోని. నడుమ గీత, మోకాళ్లు గడ్డానికి తగిలిచ్చుకొని. టెస్టు దానిదే గని, సీటు మాత్రం దానికి తక్కువ పడ్డది.

టెస్టు గ్రౌండుల ఎండ చిటపటలాడుతున్నది. ఎండల లక్కకు ఏమైతదో మీకు ఎరుకే. షఫీ భాయ్‌కి ఎరుకనే, గని మర్చిపోయిండు. అద్దం మెల్లగ వంగింది. నిద్ర వచ్చిన బర్రె చెవు లెక్క కిందికి జారింది. పచ్చ రాయొకటి టప్పున రాలింది.

"యా అల్లా!" అన్నడు షఫీ భాయ్.

"నేను చెప్పలే? ఆముదం చాలలే!" అన్నడు పెంటయ్య.

"గమ్ము! గమ్ము తీయుండ్రి!" అన్నడు జగ్గు.

ముగ్గురు దిగిన్రు. బానెట్ మీద దుకానం పెట్టిన్రు. చుట్టు పది నిముషాలల్ల జాతర! ఆ గ్రౌండుల ఉన్న ప్రతి మొగోడు వచ్చిండు. ఒకడు నీళ్లు చల్లుమన్నడు. ఒకడు ఊదుమన్నడు. ఒకడు సైకిల్ ట్యూబు కోసి కట్టుమన్నడు. ఎవరిదో వీల్ కప్పు విరిగిందట, "భాయ్, మాది గూడ జర చూడుండ్రి" అని పట్టుకొచ్చిండు. పెంటయ్య దానికి గూడ ఆముదం పట్టిచ్చిండు. ఎవరు ఎవరికి చుట్టం? ఎవరిది ఏ బస్తీ? ఒక్క విరిగిన డొప్ప అందరిని ఒక్క తాన నిలబెట్టింది. నాకు కండ్లల్ల నీళ్లు తిరిగినయి. పొగకు గూడ కావచ్చు.

నేను యాపచెట్టు నీడకు కూసున్న. గీత మా మొగోళ్ల దిక్కు చూసింది. లోపల పేరు పిలుస్తున్నరు. మల్ల మా దిక్కు చూసింది.

"డాడీ, పిలుస్తున్నరు" అన్నది.

"ఆగు బిడ్డా, ఆరనీ!" అన్నడు జగ్గు, తల ఎత్తకుండ.

అవతల ఖుద్సియా కారు పెట్టుకొని నిలబడ్డది, ఇంకెవరో పిల్లలను టెస్టుకు తెచ్చినట్టున్నది. గీత ఉరికింది. ఆమె తాళంచెవి చేతుల పెట్టి, "డర్ నక్కో బేటా, జా" అన్నది.

నేను చూసిన. ఎవ్వరికి చెప్పలే. చెప్పే అలవాటు లేదు గద.

ముందుకు పోయింది. ఎనిమిది అంకె తీరు తిరిగింది. ఎత్తు మీద ఆపి, ఎనుకకు జారకుండ ఎక్కిచ్చింది. ఎనుకకు తీసుకొని రెండు కట్టెల నడుమ సూదిల దారం ఎక్కిచ్చినట్టు పెట్టింది. అక్కడి సారు కాయిదం మీద ఏమో రాసిండు. ఖుద్సియా దుపట్టతోని ముఖం తుడుసుకున్నది. ఇటు మా కారు కాడ షఫీ భాయ్ కుంపటి ఊదుతున్నడు.

గీత వచ్చి జగ్గు ఎనుక నిలబడ్డది.

"ఎటు పోయినవే?" అన్నడు జగ్గు. "మేమీడ నీ కోసమే చచ్చి పడి చేస్తుంటె!"

"టెస్టుకు పోయిన డాడీ."

"టెస్టు ఎట్లయితది? అద్దం ఇంకా ఆరనే లేదు గద!"

"పాసైన."

కుంపటిల బొగ్గు ఒకటి చిటిల్లింది.

"ఖుద్సియా ఆయీ క్యా? ముఝే బోలీచ్ నై!" అన్నడు షఫీ భాయ్.

"చెప్పే వచ్చింది చాచా. మీరు పొగల ఉన్నరు."

చూసిన్రా పాఠకులారా! అద్దం విరగకపోతె ఏమయ్యేది? ఒక్కసారి సోచాయించుండ్రి. మేమందరం ఖాళీగ ఉండేటోళ్లం. కిటికీలు పట్టుకొని కారు ఎంబడి ఉరికేటోళ్లం. "క్లచ్! క్లచ్! దా దా! బస్! అరె బ్రేక్!" అని అందరం ఒక్కసారే చెప్పేటోళ్లం. పిల్ల ఎవరి మాట ఇనాలె? పక్కా ఫెయిలయ్యేది. గా విరిగిన డొప్ప మమ్ములను పట్టి ఆపింది. గందుకే చెప్తున్న. మీ ఇంట్ల ఆడపిల్లకు ఒక పని కావాల్నంటె, ముందుగాల కారు ముక్క ఒకటి విరగ్గొట్టి మొగోళ్ల చేతుల పెట్టుండ్రి. గమ్ము గూడ ఇయ్యుండ్రి. ఆముదం మర్చిపోకుండ్రి. వాళ్లకు దినమంత సాలుతది.

ఇంటికి పోదామని లేచినం. గీత డ్రైవర్ సీటు దిక్కు నడిచింది.

"ఎనుక కూసో బిడ్డా" అన్నడు జగ్గు. "ట్రాఫిక్ మస్తున్నది."

గీత ఫోన్ల పాసైన మెసేజ్ ఉన్నది. పిల్ల పోయి ఎనుక సీట్ల, ఆముదం సీసకు, కుంపటికి నడుమ కూసున్నది. అద్దం ఆఖరుకు ఊడి చేతికొచ్చింది, అది గూడ దాని ఒళ్లనే పెట్టిన్రు, జాగ్రత్తగ పట్టుకొమ్మని.

మా ఇంటికెదురుంగ షఫీ భాయ్ మెట్లున్నయి గద. పోయేటప్పుడు ఎడమ దిక్కుంటయి, వచ్చేటప్పుడు కుడి దిక్కుంటయి. ఫట్టుమని చప్పుడైంది. కారొచ్చింది. కుడి అద్దం రాలే.

జగ్గు ఎనుకకు తిరిగి గీతను చూసిండు. "నువ్వు మాట్లాడిస్తివి!"

పిల్ల గ్రౌండు కాడి నుంచి నోరు తెరవలే. నా మనుమరాలు గద.

నాకు చెప్పబుద్ధయింది. ప్లాస్టిక్ విరుగుడు మీద నాకేం కోపం లేదని మొదట్లనే చెప్పిన. ప్లాస్టిక్ విరుగుతది, అది దాని ధర్మం. విరిగినదాన్ని మా మొగోళ్లు ఎంత నమ్ముతరు! గమ్ము పెట్టి నమ్ముతరు, ఆముదం పెట్టి నమ్ముతరు, ఇవ్వాళ గాకపోతె రేపు అతుకుతదని ఓపిక పడ్తరు. జారితే "పాపం, ఎండకు జారింది" అంటరు. ఒక్క డొప్ప మీద గంత నమ్మకం పెట్టుకున్న మనుషులను చూసి, ఇంట్ల ఇంకెవరికన్న అండ్లకెల్లి ఇంత ఇయ్యరాదా అని అడగబుద్ధయింది. అడగలే. "ఊ" అన్న. జగ్గుకు ఏం సమజ్ కాలే.

డాక్టరమ్మ గీతను పనికి పెట్టుకున్నది.

మొన్న పెంటయ్య దూడకు కడుపుబ్బింది. డాక్టరమ్మకు ఫోన్ చేసిండు. తెల్ల వ్యాన్ వచ్చింది, మా కారు కంటె వెడల్పు, పొడుగు. డాక్టరమ్మ పక్క సీట్ల కూసొని ఉన్నది. మా గల్లీల మలుపుకోను జాగ లేదు, అందుకని మొదటి నుంచి ఎనుకకే తీసుకొచ్చింది గీత. షఫీ భాయ్ మెట్లు, ఆపి ఉన్న ఆటో, కుడితి తొట్టి, కట్టేసిన బర్రె. జగ్గు చేతులు పైకెత్తి "ధీరే... ధీరే..." అని ఎదురుగ ఉరికిండు. గీత కిటికీల నుంచి "జర పక్కకు జరుగు డాడీ" అన్నది. జరిగిండు. వ్యాన్ కమ్మీకి, బర్రె మూతికి నడుమ నుంచి పోయి దూడ కాడ ఆగింది. బర్రె నెమరేసుడు ఆపి చూసింది.

గీత సంచి పట్టుకొని దిగి దూడ కాడికి పోయింది. మా మొగోళ్లు వ్యాన్ చుట్టు తిరిగిన్రు. అద్దాలు రెండు ఉన్నయి. బంపర్ మీద గీరుడు లేదు, గాటు లేదు. పెంటయ్య బంపర్‌ను వేలితోని కొట్టి చూసిండు. షఫీ భాయ్ అద్దం డొప్పను తట్టి, "మజ్బూత్ హై" అన్నడు.

జగ్గు మస్తుసేపు చూసి, నా దిక్కు తిరిగిండు.

"కంపెనీ మాల్ బాపు. ప్లాస్టిక్ గట్టిదేసిన్రు. గందుకే విరగలే."

ముగ్గురు కలిసి ఆ ప్లాస్టిక్‌ను చాలాసేపు మెచ్చుకున్నరు.